శుక్రవారంనాడు ఉప్పడిగాను

ఆ రోజుల్లో హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉద్యోగం చేసే ఆడపిల్లలందరూ కంప్యూటర్ తెరలు చూసి బతికేవాళ్ళు. నేనొక్కదాన్నే నీళ్ళు చూసి బతికేదాన్ని. వాళ్ళ మెడలోనూ నా మెడలోనూ ఒకేలాంటి గుర్తింపు కార్డు వేలాడేది గానీ, షేర్ ఆటో ఎక్కగానే తేడా తెలిసిపోయేది. పక్కనున్న అమ్మాయి ముందు ముక్కు ఎగబీల్చేది, తర్వాత నా వైపు చూసేది, ఆ తర్వాత మెల్లగా అవతలికి జరిగేది. (నేనూ జరిగేదాన్ని, ఆమె వైపుకే. ఒళ్ళంతా పొగరు మరి.) చేపల చదువు చదివాను, దాచుకోవడానికి అదేమైనా దొంగతనమా! పైగా మాది కడప జిల్లాలో మబ్బు పడితే జనం బయటికొచ్చి చూసే ఊరు. ఆ ఊరినుంచి చేపల గురించి చదువుకోవడానికి పోయిన మొదటిదాన్ని నేనే, బహుశా చివరిదాన్ని కూడా. "ఆ చదువు నీకెందుకే?" అని ఎంతమంది అడిగితే నాకది అంత ముద్దొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల తలబిరుసుకు నాకే కాస్త భయమేస్తుంది.

మా ఫారం గోపన్‌పల్లిలో ఉండేది. అప్పటికింకా అపార్ట్‌మెంట్లు మొలవని రాతినేలలో ఒక పెద్ద రేకుల షెడ్డు, లోపల నీలంరంగు గుండ్రటి తొట్లు, వాటినిండా తిలాపియా చేపలు. చెరువు లేదు, కాలువ లేదు. బోరునుంచి ఒకసారి నింపిన నీళ్ళే తొట్లలోంచి వడపోతకూ, వడపోతలోంచి మళ్ళీ తొట్లలోకీ పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. చేపలు ఆ నీళ్ళలోనే తింటాయి, ఆ నీళ్ళలోనే ఒంటికీ రెంటికీ పోతాయి, ఆ నీళ్ళనే మళ్ళీ పీలుస్తాయి. (మొహం అలా పెట్టకండి, మనం మాత్రం చేస్తున్నదేమిటి!) ఆ మురికి విషంగా మారకుండా చూడడమే నా ఉద్యోగం. గాజుగొట్టంలో కాసిన్ని నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీద అచ్చేసిన రంగులతో పోల్చి, ఈ పూట చేపలకు గండం ఉందో లేదో చెప్పాలి. చిలక జోస్యానికీ నా పనికీ మధ్య పెద్ద తేడా కనిపించేది కాదు మా మేనమామకు.

యజమానిది గోదావరి జిల్లా. రాయదుర్గం వైపు ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం వెలగబెట్టి, ఒకనాడు విసుగుపుట్టి, చేపలు పెంచుతానని వచ్చేశాడు. మనిషి వచ్చాడు గానీ భాష మాత్రం ఆ కంపెనీలోనే ఉండిపోయింది. ఆయన దృష్టిలో చేపలు యూజర్లు, నీళ్ళు సర్వరు, చేప చస్తే అది ఇష్యూ. రోజూ పొద్దున తొట్టి పక్కన నన్ను నిలబెట్టి, తానూ నిలబడి, మీటింగు పెట్టేవాడు. "ఏవండీ మేడమ్ గారూ, యూజర్లు హ్యాపీయేనా?" అని అడిగేవాడు. గోడమీద ఒక పెద్ద తెర బిగించి, అందులో నీటి వేడి, గాలి, పులుపు అన్నీ ఆకుపచ్చ గీతలుగా కనబడేట్టు ఏర్పాటు చేశాడు. అందుకే ఆయనకు డాష్‌బోర్డు సార్ అని పేరు పెట్టాం. మేమంటే నేనూ, జరాగన్నా. జరాగన్న గోపన్‌పల్లి మనిషే, మేతవేయడం, తొట్లు తోమడం, పంపులు చూసుకోవడం ఆయన పని. ఏం చెప్పినా ముందు "జర ఆగున్రి" అనేవాడు గనక ఆ పేరొచ్చింది. ఆగమన్నాడని మనం ఆగితే ఆ పని ఇక ఆగిపోయినట్టే.

ఇక మా మేనమామ. కొండాపూర్‌లో ఇళ్ళస్థలాల వ్యాపారం. నేనుండేది వాళ్ళింట్లోనే. రోజూ సాయంత్రం గుమ్మంలోనే నన్ను ఆపి, "ఏమ్మీ, ఊరంతా ఏసీ గదుల్లో కూచొని సంపాదిస్తాంటే నీకు ఈ కంపు యాల? అమీర్‌పేటలో టెస్టింగు కోర్సులో చేర్పిస్తా, పో" అనేవాడు. "నేను చేసేదీ టెస్టింగే గదా మామా" అంటే ఇంకా మండిపడేవాడు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర ఇద్దరం పంతానికి పోయాం. "ఈ చేపల పంట బతికి బయటికి పోయేదాకా నా జోలికి రావద్దు మామా. చేపలు చచ్చినాయంటే నువ్వు యాడ చేరమంటే ఆడ చేర్తా, నోరెత్తను" అన్నాను. "మాట తప్పవు గదా?" అన్నాడు. "నేనెవరి మేనకోడల్ని?" అన్నాను. అత్త పెరుగు వడ్డించడం ఆపి, "ఇద్దరూ ఇద్దరే" అంది. కాబట్టి ఆ తొట్లలో ఈదుతున్నవి చేపలు మాత్రమే కాదు, నా బతుకు కూడా.

ఇలా ఉండగా సార్ పాత కంపెనీ స్నేహితులెవరో ఫారం చూడటానికి వస్తామన్నారు. అంతే, ఆయనకు పూనకం వచ్చేసింది. గోడలకు సున్నం కొట్టించాడు. గుమ్మం దగ్గర పూలకుండీలు పెట్టించాడు. మూల నిలవచేసిన ఉప్పు బస్తాలు చూసి, "ఇవెందుకండీ ఇక్కడ? ఎండుచేపల వ్యాపారం అనుకుంటారు" అని వాటిని కొన్న కొట్టుకే తిప్పి పంపించాడు. అవసరం పడతాయి సార్, అంటే వినిపించుకుంటేనా! సరే పోనీ అనుకుని ఆ ఆదివారం నేను మామ ఇంట్లోనే ఉండిపోయాను. సోమవారం వచ్చేసరికి జరాగన్న గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ఎదురొచ్చి నవ్వాడంటేనే నాకు అనుమానం రావలసింది. "మేడం, ఫిల్టర్ చూడున్రి. మొకం కనవడేటట్టు కడిగిన" అన్నాడు.

మా వడపోత తొట్టిలో చొక్కా గుండీలంత ప్లాస్టిక్ చక్రాలు వేలకొద్దీ తిరుగుతుంటాయి. వాటిమీద గోధుమరంగు జిగట పేరుకుని ఉంటుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుంది, ముట్టుకుంటే ఇంకా అసహ్యంగా ఉంటుంది. కానీ ఫారం మొత్తానికీ ప్రాణం ఆ జిగటే. అందులో ఉండే బ్యాక్టీరియా చేపల మురికిలోని విషాన్ని తిని విరిచేస్తుంది. దాన్ని అంత దట్టంగా పెంచడానికి నాకు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ చక్రాలు పెళ్ళివారింటి గిన్నెల్లా తెల్లగా మెరుస్తున్నాయి. సబ్బు పొడి వాసన కూడా వస్తోంది. నేను అక్కడే చతికిలబడ్డాను. సార్ మాత్రం వెనకనుంచి వచ్చి, "ఎలా ఉందండీ? ఇన్నాళ్ళూ పాచి పట్టించేశారు మీరు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

నేను ఏ భాషలో తిట్టానో నాకు గుర్తులేదు గానీ, మర్యాద భాషలో మాత్రం కాదు. జరాగన్న "జర ఆగున్రి మేడం, జర ఆగున్రి" అంటూ పంపుల వెనక్కి వెళ్ళిపోయాడు. సార్‌కు ఇక ఆయన భాషలోనే చెప్పాలని కళ్ళు తుడుచుకుని లేచాను. "సార్, మన దగ్గర రెండు టీములు పనిచేసేవి. మొదటి టీము అమ్మోనియాను తిని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. రెండో టీము దాన్ని తిని, చేపలకు ఏమీ చేయని సరుకుగా మారుస్తుంది. నిన్న మీరు రెండు టీముల్నీ ఒకేపూట ఉద్యోగంలోంచి పీకేశారు. మొదటివాళ్ళు తొందరగా తిరిగొస్తారు. రెండోవాళ్ళు రారు, వాళ్ళకు వారాలు పడుతుంది. ఈలోగా మొదటివాళ్ళు చేసి పారేసినదంతా మధ్యలో పేరుకుపోతుంది, అర్థమైందా?" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. "అంటే, అవతల టీము లేకుండా ఇవతల టీము పని పూర్తిచేసేసిందంటారు. బాబోయ్, మా కంపెనీలో సరిగ్గా ఇలాగే ఒక ప్రాజెక్టు మునిగిపోయిందండీ" అన్నాడు. మనిషి మంచివాడు, పోలిక దొరికితే చాలు ఏ సంగతైనా ఇట్టే పట్టుకుంటాడు. పోలిక ముందే దొరికి ఉంటే ఎంత బాగుండేది!

ఇక నా పోరాటం మొదలైంది. చేపలకు మేత ఆపేశాను. మేత లేకపోతే మురికి తగ్గుతుంది. సార్ అడ్డొస్తే, "వాటికి ఉపవాసం సార్, పుణ్యమొస్తుంది" అని నోరు మూయించాను. జరాగన్న చెయ్యి పట్టని గొట్టాల మలుపుల్లో ఇంకా కాస్త జిగట మిగిలుందేమోనని వేలుపెట్టి గీకి, దొరికిన దాన్ని గిన్నెలోకి తీసుకుని, పాలకు తోడు పెట్టినట్టు వడపోత తొట్టిలో వేశాను. బోరు నీళ్ళు చాలవు గనక ట్యాంకర్లు తెప్పించి పాత నీళ్ళను కొంచెం కొంచెంగా మార్చసాగాను. సరిగ్గా అప్పుడే ఈ ప్రాంతమంతా సమ్మె కమ్మింది. తెలంగాణ ఉద్యమం మాంచి ఊపుమీదున్న రోజులవి. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, దుకాణాలకు తాళాలు పడ్డాయి. ట్యాంకర్ అబ్బాయి ఫోన్‌లో, "అక్కా, రోడ్డుమీదికొస్తే టైర్ల గాలి తీస్తరు, నాతోని కాదు" అని పెట్టేశాడు. రావలసిన అతిథులు కూడా రావడంలేదని కబురొచ్చింది. ఎవరికోసం కడిగించాడో వాళ్ళు అసలు రానేలేదన్నమాట!

ఇక్కడ మీకు ఒక రంగు గురించి చెప్పాలి. నైట్రైట్ పరీక్షలో నీళ్ళు మంచివైతే గొట్టంలో రంగేమీ రాదు. విషం పెరిగేకొద్దీ లేత గులాబీ, ఆపైన ముదురు గులాబీ వస్తుంది. ఉద్యమానిది కూడా గులాబీ రంగే. బయట ఏ స్తంభం చూసినా గులాబీ జెండా, ఏ మెడలో చూసినా గులాబీ కండువా. ఊరంతా గులాబీ కావాలని వీధిన పడి ఉంటే, షెడ్డులో నేనొక్కదాన్నే గులాబీ పోవాలని మొక్కుకుంటున్నాను. మొక్కులేవీ పనిచేయలేదు. శుక్రవారం పొద్దున చూస్తే గొట్టంలో గులాబీ బుక్కాగులాంలా చిక్కగా ఉంది. చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సింది బెల్లంపాకం రంగులో ఉంది. నైట్రైట్ రక్తంలోకి ఎక్కితే గాలి ఎంతున్నా చేపకు ఊపిరందదు. దానికి విరుగుడు ఒక్కటే, ఉప్పు. మామూలు వంట ఉప్పు. నీళ్ళలో ఉప్పు ఉంటే ఆ విషం మొప్పల్లోంచి లోపలికి పోలేదు. బస్తాడు ఉప్పు చాలు, నా చేపలు బతుకుతాయి. ఆ బస్తాలేమో ఎండుచేపల భయంతో వెనక్కి పోయాయి!

జరాగన్న ఊరంతా తిరిగొచ్చి, "ఒక్క దుకాణం తెర్వలే మేడం. మా ఇంట్ల ఉప్పు డబ్బ ఉన్నది, తేవాల్నా?" అన్నాడు. ఆ డబ్బా తెచ్చి తొట్టిలో వేస్తే చేపలకు నవ్వొస్తుంది తప్ప ఊపిరి రాదు. సార్‌కు ఫోన్ చేస్తే దారులు మూసేశారు, రాలేనన్నాడు. "పోనీలెండి మేడమ్ గారూ, వదిలేయండి. మూసేద్దాం. మీ తప్పు కాదండీ" అన్నాడు పాపం. ఆ ఫోన్ పెట్టీపెట్టగానే మామ ఫోన్. ఎవరు చెప్పారో ఏమో, ఆయనకన్నీ తెలుస్తాయి. "ఏమ్మీ, చేపలు పైకి తేలినాయంట గదా? ఇంగ చాలు, బ్యాగు సర్దుకోని రా. సోమవారం కోర్సులో సీటు చెప్తా." నాకు ఒళ్ళు భగ్గున మండింది. "తేలినాయి మామా, చావలేదు. చచ్చినాక ఫోన్ చెయ్" అని పెట్టేశాను. మామ మొహాన ఫోన్ పెట్టేయడం అదే మొదలు.

"అన్నా, ఈ దగ్గరలో ఉప్పు బస్తా ఎవరి దగ్గరుంటుంది?" అని జరాగన్నను అడిగాను. ఆయన నసిగాడు, తల గోక్కున్నాడు, చివరికి, "కూడలి కాడ వంటావార్పు నడుస్తున్నది మేడం. ఊరు మొత్తం ఆడనే తింటున్నది, దొడ్డుప్పు బస్తా ఉంటది. గని జర ఆగున్రి, ఆడ..." అన్నాడు. నేను ఆగలేదు. రుజువు చూపించాల్సి వస్తుందని గులాబీ నీళ్ళ గొట్టానికి మూత బిగించి చేతపట్టుకుని రోడ్డుమీద పడ్డాను. వెనక జరాగన్న, "మేడం, ఆడ పెద్ద లీడరున్నది, మాట పడది. ఆమెకు ఫిల్టర్ సంగతి చెప్పకున్రి" అని బతిమాలుతూ వస్తున్నాడు. "ఎవరన్నా ఆమె?" అంటే, చుట్టూ చూసి, "మా ఇంటామె" అన్నాడు. "అయితే ఇంకేం, మన పని అయినట్టే!" అన్నాను. "మా ఇంటామె గాబట్టే చెప్తున్న" అన్నాడు దీనంగా.

వంటావార్పు అంటే దారికడ్డంగా కూర్చుని, రోడ్డుమీదే వండి, రోడ్డుమీదే తినడం. కోపాన్ని అంత రుచిగా చూపించే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. కూడలిలో షామియానా, రాళ్ళపొయ్యిలు, వాటిమీద మనిషి పట్టేంత గిన్నెలు, ఒక పక్క డప్పులు, ఇంకోపక్క వంకాయలు కోస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళ మధ్యలో గులాబీ కండువా నడుముకు బిగించి, గరిటెతో పప్పు కలుపుతూనే నినాదాలిస్తున్న ఆమే మా లీడరక్క అని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఆ మూల పొయ్యి పక్కన ఉప్పు బస్తా కూడా కనబడింది. ఈలోగా ఎవరో నా చేతిలోని గొట్టం చూశారు. "అరే, సీసల గులాబి తెచ్చింది చూడున్రి!" అని కేక. అంతే, చప్పట్లు, ఈలలు, డప్పుమీద ఒక జోరైన వాయింపు. లీడరక్క గరిటె పైకెత్తి, "మంచిగ తెచ్చినవ్ బిడ్డా, మన రంగు!" అని నవ్వింది. తెలివున్న మనిషైతే ఆ క్షణాన తలూపి, నవ్వి, ఉప్పు తీసుకుని వచ్చేసేది.

"ఇది మీ రంగు కాదక్కా. ఇది విషం. ఈ రంగు ఎప్పుడు పోతుందా అని నేను పొద్దునా సాయంత్రం ఏడుస్తాండా" అన్నాను. డప్పు ఆగిపోయింది. జరాగన్న ఒక ఆటో వెనక్కి నక్కాడు. "ఏ ఊరు నీది?" అంది లీడరక్క. "కడప" అన్నాను, వాళ్ళడిగిన దానికంటే గట్టిగానే. జనంలో గుసగుసలు. ఒక కుర్రాడు ముందుకొచ్చి, "జై తెలంగాణ అను, అటెన్క మాట్లాడు" అన్నాడు. "అనను. ఉప్పు కోసం జై కొడితే అది జై కాదు, లంచం. మీ జైకి అంత తక్కువ విలువా? నా చేపలు బతికినాక, నా మనసుకనిపిస్తే, నేనే అంటా" అన్నాను. లీడరక్క నన్ను పైనుంచి కిందికి చూసి, ఆ కుర్రాడి భుజంమీద గరిటెతో మెల్లగా తట్టి, "నువ్వు జరుగు. మనసుల లేకుంట జై కొట్టెటోళ్ళు మనకు మస్తుగున్నరు" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఉప్పన్నవ్. చేపలకు ఉప్పెందుకే? ఇంక కూరనే కాలేదు గద" అంది.

చెప్పాను. మొప్పల రంగూ, విషం సంగతీ, మామ పందెమూ అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె అంతా విని బస్తావైపు ఒకసారి చూసి, "ఉప్పయితే ఉన్నది బిడ్డా. గని ఇయ్యరాదు" అంది. అదిగో, నేను ఎదురుచూస్తున్నది అదే. పొద్దున్నుంచి కూడబెట్టుకున్న కోపమంతా కట్ట తెగింది. ఈ చేపలకు ప్రాంతం ఏంది, అవి పుట్టింది ఆడ, పెరిగింది ఈడ, తినబోయేది మీరే గదా, నేను కడపదాన్నయితే నా చేపలు ఊపిరి తీసుకోకూడదా, ఒక పిడికెడు ఉప్పుకు కూడా ఊరు పేరు అడుగుతారా అని రోడ్డుమధ్య నిలబడి పెద్ద ప్రసంగం చేశాను. (నా జీవితంలో అంత మంచి ప్రసంగం మళ్ళీ చేయలేదు.) ఆమె మధ్యలో ఒక్కమాట అడ్డురాలేదు. నేను ఊపిరికోసం ఆగాక, "అయ్యిందా?" అంది. "అయింది" అన్నాను. "ఇయ్యాల శుక్రారం" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. "శుక్రారం ఉప్పు బయటికియ్యరే. లచ్చిందేవి పోతది. మీ అమ్మ చెప్పలేదా నీకు?" అంది. ఎందుకు చెప్పలేదు! శుక్రవారంనాడు సొంత చెల్లెలు వచ్చి అడిగినా మా అమ్మ ఉప్పు ఇచ్చేది కాదు, "రేపు రా" అనేది. రాష్ట్రాల కొట్లాటకు సిద్ధపడి వచ్చినదాన్ని, కడపలో మా అమ్మ వంటింటి చట్టం దగ్గర చిక్కుబడిపోయాను. ఇందులో మాత్రం ఆ ప్రాంతం ఈ ప్రాంతం అని తేడా లేదు కాబోలు! "శుక్రవారం ఇంట్లోనుంచి ఇవ్వకూడదు గానీ, ఇది ఇల్లు కాదు గదక్కా, రోడ్డు" అన్నాను. ఆడవాళ్ళందరూ వంకాయలు కోయడం ఆపి ఆలోచనలో పడ్డారు. ఒక ముసలవ్వ, "పిల్ల చెప్పింది నిజమే. రోడ్డుకు శుక్రారమేంది?" అని తీర్పు చెప్పింది. లీడరక్క కూడా తలూపింది. "సరే తియ్. గని చేతుల పెట్టం. కింద పెడతం, నువ్వే తీస్కో. ఉప్పు చేతికిస్తె ఇచ్చినోళ్ళకు తీస్కున్నోళ్ళకు లొల్లయితది" అంది.

అవతల చేపలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇవతల వీళ్ళు ఉప్పుకు పీట వెతుకుతున్నారు. "లొల్లి ఇంకా కొత్తగా అవుతుందా అక్కా?" అని అరిచాను. "మీకూ మాకూ మధ్య ఇప్పుడు నడుస్తాండేది ఏంది మరి? ఊరూరా రోడ్లు బందయినాయి, బస్సులు బందయినాయి, ఇంతకంటే పెద్ద లొల్లి చేసే శక్తి ఈ దొడ్డుప్పుకుందా?" ముందు ముసలవ్వ నవ్వింది, తర్వాత వంకాయల వాళ్ళు, తర్వాత డప్పువాళ్ళు, ఆఖరికి ఆ కుర్రాడు కూడా. లీడరక్క నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, బస్తా మూతి విప్పి, రెండు చేతులా నిండుగా ఉప్పు తీసి నా ముందుకొచ్చి, "పట్టు దోసిలి. ఏం లొల్లయితదో నేను గూడ చూస్త" అంది. నేను గొట్టాన్ని చంకలో ఇరికించుకుని దోసిలి పట్టాను. ఆ తర్వాత కూరకు కాస్త తీసి పెట్టుకుని మిగతా బస్తా మొత్తం ఇచ్చేసింది. ఆటో వెనక నక్కిన మొగుణ్ణి పేరుపెట్టి పిలిచి, "దాసుకున్నది సాలు, నెత్తిమీద పెట్టుకో" అంది.

చేపలు ఉప్పు ఎలా తింటాయో చూస్తామని సగం వంటావార్పు మా షెడ్డుకు కదిలొచ్చింది. ఉప్పును బకెట్లలో కరిగించి తొట్లలోకి కొంచెం కొంచెంగా పోశాం. లీడరక్క చీరె కుచ్చిళ్ళు దోపుకుని నాతోపాటు బకెట్లు మోసింది. మధ్యలో ఆమె కన్ను వడపోత తొట్టిమీద పడింది. "గీ తెల్లటివేంది?" అంటే, నేను నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ జరాగన్న మొహమే మొత్తం చెప్పేసింది. "నువ్వు కడిగినవా!" అని ఆమె నడుంమీద చేతులు పెట్టుకుంది. "పెండ్లయినకాడికెళ్ళి ఒక్క చాయ్ గిలాస కడిగినోడివి కాదు. కడగక కడగక చేపల పాణమున్న ఫిల్టర్ కడిగినవా? అది గూడ సబ్బు పెట్టి!" షెడ్డు రేకులు అదిరిపోయేట్టు నవ్వారు ఆడవాళ్ళు. "జర ఆగు, సార్ చెప్పిండు గాబట్టి..." అని ఆయన గొణిగాడు. ఆరోజు రాలేకపోవడం సార్ అదృష్టం.

మధ్యాహ్నానికి ఏమీ కాలేదు. చేపలు అలాగే తేలుతున్నాయి. అందరూ తిండికి వెళ్ళిపోయారు. నేను తొట్టి అంచున గడ్డం ఆనించి కూర్చున్నాను. సాయంత్రం ఎండ రేకుల సందుల్లోంచి ఏటవాలుగా పడుతుంటే ఒక చేప తోక ఆడించి కిందికి మునిగింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే నీటిపైన నోళ్ళు తగ్గిపోయి, కింద నీడలు కదలసాగాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోకుండా ఏడ్చాను. జరాగన్న "జర ఆగున్రి మేడం" అనబోయి, ఎందుకో అనకుండా పక్కన కూర్చున్నాడు. మామకు ఫోన్ చేసి, "మామా, మునిగినాయి" అన్నాను. ఆయన కంగారుపడి, "అయ్యో, పోతే పోనీలే పాపా, ఏడవద్దు" అన్నాడు. "చేపలు మునిగితే బతికినట్టు మామా!" అని అరిచాను. "సరే, ఇంటికి రా. స్నానం చేసినాకే లోపలికి రా" అన్నాడు.

గొట్టంలో గులాబీ పోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది గానీ ఉప్పు పుణ్యమా అని అది చేపలను ఏమీ చేయలేకపోయింది. రెండో టీము కూడా నిమ్మళంగా తిరిగొచ్చింది. పంట బతికి బయటికి పోయింది. సార్ వడపోత తొట్టి మీద "కడగరాదు" అని తన చేతులతో రంగువేసి రాశాడు. రంగు పోయిన గొట్టాన్ని చూపించడానికి వెళ్తే లీడరక్క, "నీ సీసల పోయింది గని బయట పోలే, చూస్కో" అంది. "చేపలు బతికినయ్ గద, జై ఏది?" అని కూడా అడిగింది. "నా మనసుకనిపిస్తే అన్నాను గదా" అన్నాను. "మొండి ఘటానివి" అంది. తర్వాత అన్నానా లేదా అన్నది నాకూ ఆమెకూ మధ్య సంగతి, మీకనవసరం.

ఇప్పుడు ఆ షెడ్డూ లేదు, ఆ బండనేలా లేదు. ఆ చోట లేచిన అపార్ట్‌మెంట్‌లోనే నేనుంటున్నాను. నార్సింగి అవతల ఎవరెవరో కొత్తగా పెట్టిన చేపల ఫారాలకు నీళ్ళు చూసి పెడుతుంటాను. బిల్డరుకు తమ భూమిచ్చినందుకు వచ్చిన ఫ్లాటులో, మా కింది అంతస్తులోనే లీడరక్కా జరాగన్నా ఉంటారు. ఉప్పు చేతికిస్తే లొల్లి అవుతుందన్నది అక్షరాలా నిజమే. ఆనాటినుంచి ఆమెకూ నాకూ పడిన రోజు లేదు. నా పులుసులో చింతపండు ఎక్కువంటుంది, ఆమె పులుసులో కారం ఎక్కువంటాను. రెండు రాష్ట్రాల నీళ్ళ తగాదా పేపర్లో వచ్చిన రోజైతే లిఫ్టులోనే మొదలుపెడతాం. మొన్న శుక్రవారం ఆమె గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, "ఉప్పు ఒడిసిపోయిందే, జర ఇయ్యి" అంది. ఈ వయసుకు నాలోనూ మా అమ్మ వచ్చి కూర్చున్నట్టుంది. శుక్రవారం కదా అని ఒక క్షణం తటపటాయించి, ఉప్పు గిన్నెలో పోసి, చేతికివ్వకుండా మెల్లగా గడపమీద పెట్టబోయాను. లీడరక్క నడుంమీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. రోడ్డుమీద గులాబీ గొట్టం పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల ఏమైపోయిందా అని వెతుకుతున్నట్టు చూసింది. నాకే సిగ్గేసి నవ్వొచ్చింది.

"కింద పెడ్తున్నవేందే? భయపడ్తున్నవా?" అంది ఆమె, రెండు చేతులూ చాపి. "చేతికియ్యి. మన లొల్లి ఇంక ఒడువలే."